రాయగడ వైపు తెలుగిళ్లకు వాట్సాప్‌లో చేరిన తీరు: ఒక మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ కేసు

నేను ఒడిశాలోని బరంపురంలో మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌ని. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఏదైనా చిక్కు వస్తే ఫోన్ చేస్తుంటారు. అలా వచ్చిన కేసు ఇది. ఇందులో నేనిచ్చిన ఒక సలహా పూర్తిగా తప్పింది. అది ఎందుకు తప్పిందో వెతుకుతుంటే, పుట్టినప్పటి నుంచి నా చుట్టూ ఉన్న మనుషుల గురించి నేను గమనించని సంగతి ఒకటి బయటపడింది. అందుకే రాస్తున్నాను. ఆ డిస్ట్రిబ్యూటర్ అనుమతి తీసుకున్నాను. ఊరి పేరు, ఖాతాదారుల ఆనవాళ్లు వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమెకు ముప్పై అయిదు దాటాయి. రాయగడ జిల్లాలో ఒక చిన్న పట్నం. తాతల కాలంలో పార్వతీపురం వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబం. కొన్నేళ్లు బీమా ఏజెంటుగా చేసింది. తర్వాత ఫండ్‌లు అమ్మడానికి రాయాల్సిన ఎన్ఐఎస్ఎం పరీక్ష రాసి, ఫండ్ కంపెనీల సంఘమైన ఆంఫీ దగ్గర ఏఆర్ఎన్ అనే డిస్ట్రిబ్యూటర్ నమోదు నంబరు తీసుకుంది. నాకు ఫోన్ చేసేనాటికి నలభై చిల్లర ఇళ్లు ఆమె దగ్గర సిప్‌లు, అంటే ఫండ్‌లో నెలనెలా వేసే వాయిదాలు, కడుతున్నాయి. కిరాణా, బట్టల కొట్ల వాళ్లు, పత్తి కొనే వ్యాపారులు, మిల్లు ఉద్యోగులు, టీచర్లు. దాదాపు అందరూ బీమా రోజుల నుంచి తెలిసినవాళ్లే.

మా వైపు డబ్బు మాట ఎత్తాలంటే 2013 గుర్తుంచుకోవాలి. జనం చిట్ ఫండ్ కంపెనీలని పిలిచిన డిపాజిట్ సంస్థలు ఒడిశా అంతటా ఆ రోజుల్లో వరసగా కూలాయి. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. ఆ డబ్బు కట్టించుకున్నది ముక్కూమొహం తెలియని మనుషులైతే గాయం ఇంత లోతుగా ఉండేది కాదు. కట్టించుకున్నది మేనమామ, బడి మాష్టారు, గుడి కమిటీలో తిరిగే పెద్దమనిషి. వాళ్లూ మోసపోయినవాళ్లే. అయినా అప్పటి నుంచి కొన్ని ఇళ్లలో పెళ్లిపిలుపులు ఆగిపోయాయి. "ఏజెంటు" అన్న మాట వింటేనే మొహం తిప్పుకునే ముసలివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆమె ప్రతి పోస్టూ ఆ జ్ఞాపకం మీదే పడుతోందని మేమిద్దరం మొదట లెక్కలోకి తీసుకోలేదు.

వచ్చిన సమస్య

"అన్నయ్యా, ఏడు నెలలుగా రోజూ పోస్టులు పెడుతున్నాను. ఒక్క కొత్త ఇల్లు రాలేదు. పైగా ఉన్నవాళ్లలో ఇద్దరు డబ్బు తీసేసుకుంటామంటున్నారు," అంది.

నెల రోజుల పోస్టులన్నీ పంపమన్నాను. పొద్దున్నే ఫండ్ హౌస్ లోగోతో శుభోదయం బొమ్మ. మధ్యాహ్నం సెన్సెక్స్ ఎంత పెరిగింది, ఎంత తగ్గింది. సాయంత్రం ఒక పట్టిక. నెలకు 5,000 చొప్పున 20 ఏళ్లు, అంటే మొత్తం 12 లక్షలు కడితే, 15 శాతం లెక్కన సుమారు 75 లక్షలు. అన్నీ ఇంగ్లీషులోనో హిందీలోనో. ఫేస్‌బుక్ పేజీ మీద ఆమె పేరు పక్కన "వెల్త్ అడ్వైజర్" అని ఉంది. ఆ పేజీని బూస్ట్ చేయడానికి మూడు వేలు ఖర్చు కూడా పెట్టింది. లైకులు వచ్చాయి, భువనేశ్వర్ నుంచీ ఇంకెక్కడెక్కడి నుంచో.

ముందుగా ఆ పేరు తీయించాను. డిస్ట్రిబ్యూటర్లు అడ్వైజర్ అని పేరు పెట్టుకోకూడదని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2020లోనే నిబంధన తెచ్చింది. సలహాకు ఫీజు తీసుకునే నమోదిత ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ వేరు, కమీషన్ మీద ఫండ్‌లు అమ్మే మేం వేరు. నిబంధన కోసమే అయితే ఒక్క మాటలో చెప్పి వదిలేసేవాణ్ని. నాకు బాధ కలిగించింది వేరే. చదువుకున్న కుర్రాడెవరైనా ఆమె పేరు వెతికి, అడ్వైజర్ల జాబితాలో కనపడకపోతే, "ఈమె కూడా ఆ బాపతే" అనుకుంటాడు. నిజమైన లైసెన్సు చేతిలో ఉండి, లేని బిరుదు వల్ల అనుమానం తెచ్చుకోవడం ఎందుకు?

రెండోది ఆ పట్టిక. డబ్బు తీసేస్తామన్న ఇద్దరితో ఆమె మాట్లాడినప్పుడు అసలు సంగతి తెలిసింది. ఒకాయన తన ఖాతా చూసుకుని, "పదిహేను శాతం అని నువ్వే పెట్టావు గదమ్మా, నాకు అంత లేదేటి?" అన్నాడట. ఆయన తప్పు లేదు. మనకు ఊహాలెక్కగా కనపడేది ఆయనకు మాట ఇచ్చినట్టుగా కనపడింది. మ్యూచువల్ ఫండ్‌లో రాబడికి హామీ ఇవ్వకూడదని పరీక్షలో మనం అందరం రాశాం, ఆ పట్టిక అదే పని దొడ్డిదారిన చేస్తోంది. రెండో ఆయన భార్య అన్న మాట ఇంకా గట్టిది. "పన్నెండు లక్షలు డెబ్బై అయిదు లక్షలవుతాయని ఆ కంపెనీవోళ్లూ ఇలాగే కాయితం మీద రాసి చూపించారు." ఆ కాగితం ఆమె బీరువాలో ఇంకా ఉందట.

రెండు వారాలు ఏమీ పెట్టొద్దన్నాను. ఆమె భయపడింది, ఆపేస్తే మరిచిపోతారని. మరిచిపోయేంత కొత్తదానివి కాదమ్మా, పదిహేనేళ్లుగా అదే వీధిలో తిరుగుతున్నావు అన్నాను. ఆపించడానికి కారణం ఒకటే. ఏ పోస్టు చెడ్డ చేస్తోందో తెలియనప్పుడు, రోజూ కొత్తది కలుపుతూ పోతే ఎప్పటికీ తెలియదు.

నేనిచ్చిన సలహా, అది తప్పిన తీరు

రెండు వారాల తర్వాత నా ఆలోచన చాలా సూటిగా ఉంది. వీళ్లు తెలుగువాళ్లు. పోస్టులు ఇంగ్లీషులో, హిందీలో ఉన్నాయి. కాబట్టి తెలుగులో రాయాలి. శుభోదయాలు, పట్టికలు మానేసి వారానికి రెండు చిన్న రాతలు. నామినీ ఎందుకు రాయాలి, కేవైసీ అంటే ఏమిటి, పిల్ల చదువుకు దాచేది ఏ ఖాతాలో ఉంచాలి. కొన్ని నేనే రాసిచ్చాను, ఇష్టంగా రాశాను. వాట్సాప్‌లో ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టించాను. ఒక జాబితాలో 256 మంది వరకూ పడతారు, ఆమెకు ఒకటి సరిపోయింది.

మూడు నెలలు గడిచాయి. పలికినవాళ్లు నలుగురో అయిదుగురో, అందరూ యాభై దాటినవాళ్లే.

అప్పుడు నేనే రైలెక్కి వెళ్లాను. ఫోన్‌లో ఊహించడం కన్నా ఆమె పక్కన కూర్చుని చూడటం మేలనిపించింది. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ నొక్కి పట్టుకుని ఇన్ఫో తెరిస్తే ఎవరికి చేరిందో, ఎవరు చదివారో కనిపిస్తుంది. సగానికి సగం మందికి అసలు చేరనే లేదు. ఎందుకంటే బ్రాడ్‌కాస్ట్ అనేది మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. ఆమె దగ్గర వాళ్ల నంబర్లున్నాయి, వాళ్ల దగ్గర ఆమె నంబరు లేదు. ఆమె చూపించే స్టేటస్ కూడా అంతే, ఇరువైపులా నంబరు సేవ్ అయి ఉంటేనే కనపడుతుంది. ఈ చిన్న విషయం నాకు తెలుసు, అడగాలని తోచలేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా ముందు ఇది చూసుకోండి, తర్వాతే ఏం రాయాలన్నది.

అయినా మిగతా సగానికి చేరింది. వాళ్లెందుకు పలకలేదు?

ఆ సాయంత్రం ఆమెతో కలిసి ఒక ఖాతాదారు ఇంటికి వెళ్లాను. తండ్రికి బజారులో కొట్టు. కొడుకు ఇంజినీరింగ్ చదివాడు. మంచి తెలుగు మాట్లాడాడు, మా అమ్మ మాట్లాడినట్టే. నేను రాసిచ్చిన రాత ఒకటి అతని ఫోన్‌లో తెరిచి, "ఇది చూశావా బాబూ?" అన్నాను. అతను కాస్త ఇబ్బంది పడ్డాడు. "మాటాడతాం గానీ అంకుల్, సదవడం రాదు. మాది ఒరియా మీడియం."

నేను తల దించుకున్నాను. మా వీధిలోనే ఇలాంటి పిల్లలు ఎంతమంది! గుడిలో తెలుగు పద్యం నోటికి చెబుతారు, దాన్నే కాగితం మీద చూపిస్తే ఒరియాలో రాసివ్వమంటారు. పర్లాకిమిడిలో, బరంపురంలో తెలుగు బడులు చదివిన పాతవాళ్లను చూసి నేను అందరూ చదువుతారనుకున్నాను. ఇంట్లో వినే భాష ఒకటి, కళ్లతో చదివే లిపి ఇంకొకటి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక ఇటు మిగిలిన కుటుంబాల్లో మూడు తరాలుగా ఇదే నడుస్తోంది. మరి తండ్రి? ఆయన తెలుగు చదువుతాడు. కానీ ఆయనది బటన్ ఫోన్. డబ్బు తండ్రి చేతిలో, స్మార్ట్ ఫోన్ కొడుకు చేతిలో, అక్షరం తండ్రికి వచ్చు, కొడుక్కి రాదు. నా రాతలు ఆ ఇంట్లో ఎవరికీ అందే దారి లేదు.

ఒరియాలో రాస్తే సరిపోదా అని ఆమె అడిగింది. కొన్ని రాయించి చూశాం. కుర్రాళ్లు చదివారు. కానీ నిర్ణయం కుర్రాళ్లది కాదు. కొడుకు చదివి తండ్రికి తెలుగులో చెప్పాలి, చెప్పేటప్పుడు సగం జారిపోతుంది. పైగా డబ్బు గురించి కొడుకు చెప్పిన మాట తండ్రి వినే ఇళ్లు తక్కువ.

పనిచేసింది

నిజానికి దారి చూపింది ఆమె ఖాతాదారు ఒకావిడ. డెబ్బై ఏళ్ల విధవరాలు. ఒకరోజు మనవడి ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టింది. "అమ్మా, నువ్వు సచ్చిపోతే మా డబ్బేటవుద్ది?"

ఆమె అది నాకు వినిపించింది. మొదట ఇద్దరం మాట్లాడలేకపోయాం. ఇంత సరైన ప్రశ్న నన్ను ఏ చదువుకున్నవాడూ అడగలేదు. వాయిస్‌లో వచ్చింది కాబట్టి వాయిస్‌లోనే జవాబు చెప్పమన్నాను. నిమిషంన్నర. ఆమె తన మాటల్లోనే చెప్పింది. డబ్బు నా దగ్గరికి రాదు పిన్నీ, నీ బ్యాంకు నుంచి నేరుగా ఫండ్ వాళ్ల ఖాతాకు పోతుంది. ఫోలియో నీ పేరున ఉంది, అది పాస్‌బుక్ నంబరులాంటిది. లెక్క క్యామ్స్, కెఫిన్‌టెక్ అనే రిజిస్ట్రార్ల దగ్గర ఉంటుంది, నా దగ్గర కాదు. నేను లేకపోతే నువ్వు నేరుగా వాళ్ల ఆఫీసుకు పోయి తీసుకోవచ్చు, లేదా ఇంకో డిస్ట్రిబ్యూటర్‌ని పెట్టుకోవచ్చు. నీ తర్వాత నామినీగా రాసిన నీ కూతురికి చెందుతుంది. విలువ మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటుంది, తగ్గిన రోజు తీస్తే తగ్గినంతే వస్తుంది.

మనవడు దాన్ని స్పీకర్‌లో పెట్టి ఇంట్లో అందరికీ వినిపించాడు. అక్కడి నుంచి వాళ్ల చుట్టాలకు పోయింది. వారం తిరక్కుండా ఇంకో ఇద్దరు అదే ప్రశ్న అడిగారు, సిగ్గు విడిచి.

అప్పుడు నాకర్థమైంది, గొంతు అయితే ఫోన్ ఎవరి చేతిలో ఉన్నా, అక్షరం ఎవరికి వచ్చినా రాకపోయినా ఇంటిల్లిపాదికీ ఒకేసారి చేరుతుందని. ఆమె గొంతు ఆ వీధికి తెలిసిన గొంతు. అది ఫండ్ హౌస్ పోస్టరులో దొరకదు.

అక్కడి నుంచి పద్ధతి ఒకటి కుదుర్చుకున్నాం. వారానికి ఒక్క వాయిస్. ఒక ప్రశ్న, ఒక జవాబు. ప్రశ్న తప్పనిసరిగా ఎవరో ఒకరు నిజంగా అడిగినదే అయి ఉండాలి, అడిగినవాళ్ల పేరు చెప్పకూడదు. ఏ ఫండ్ పేరూ ఎత్తకూడదు, రాబడి అంకె చెప్పకూడదు. చివర మార్కెట్ రిస్క్ మాట యంత్రంలా గబగబా చదవకుండా, "తగ్గొచ్చు కూడా" అని మామూలు మాటల్లో చెప్పాలి. అదే వాయిస్ నిమిషానికి కుదించి స్టేటస్‌లో. కొత్తగా ఎవరింటికి వెళ్లినా ముందు తన నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ చేయించి రావాలి.

ఒక వాయిస్ మీద మా మధ్య వాదన జరిగింది. "దీని మీద నీకేటి మిగులుద్ది?" అని ఒక కొట్టు యజమాని అడిగాడు. ఆమె దాటేద్దామంది. నేను చెప్పి తీరాలన్నాను. మాకు ముందుగా ఇచ్చే కమీషన్‌ను సెబీ 2018 అక్టోబరులో ఆపేసింది. ఇప్పుడు వచ్చేది ట్రైల్ కమీషన్, ఖాతాదారు డబ్బు ఫండ్‌లో ఉన్నంతకాలం ఏటా కొద్దికొద్దిగా. అది ఎవరి డబ్బులోంచి వస్తుందో, కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ అనేది కూడా ఒకటుందని చెప్పమన్నాను. చిట్ కంపెనీల రోజుల్లో ఏ ఏజెంటూ తనకెంత వస్తుందో చెప్పలేదు. ఆ తేడా వినబడాలి. ఆమె చెప్పింది. ఒక టీచర్ గారు డైరెక్ట్‌కు మారిపోయారు. ఆమెకు కష్టమనిపించింది, నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు.

ఇంకోటి ఆమె చేయాలనుకుంది, నేను ఆపాను. సంతోషంగా ఉన్న ఖాతాదారుల చేత వీడియోలో రెండు మాటలు చెప్పించడం. చిన్న పట్నంలో ఒక మనిషి మొహం ఆ వీడియోలో కనపడిందంటే, "వీళ్ల దగ్గర డబ్బుంది" అని చుట్టాలందరికీ చాటినట్టే. మర్నాటి నుంచి అప్పుకోసం తలుపు తడతారు. ఆడపిల్ల పెళ్లి కుదుర్చుకుంటున్న ఇంటికి అది ఇంకా చిక్కు.

దెబ్బ తగిలిన చోటు

వాయిస్‌లు బాగా నడుస్తున్నాయని ఆమె ఖాతాదారులందరినీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. నాకు చెప్పింది, నేను గట్టిగా వద్దనలేదు. అది నా తప్పు. గ్రూపులో ఒకరి నంబరు ఒకరికి కనపడుతుంది. దానికి తోడు, కొత్తవాళ్లు వస్తారని గ్రూపు లింకును ఫేస్‌బుక్ పేజీలో పెట్టింది. ఆ లింకు గుండానే దొంగలు దూరారని నా అనుమానం.

కొన్ని వారాలకు ఆమె ఫొటోతో కొత్త నంబరు ఒకటి గ్రూపులోవాళ్లకు విడివిడిగా మెసేజ్ పెట్టింది, ఇది నా కొత్త నంబరు అని. తర్వాత టెలిగ్రామ్‌లో షేర్ల టిప్స్ గ్రూపులోకి లాగారు. ఒకాయన 20,000 ఒక యూపీఐ ఐడీకి పంపాక, అనుమానం వచ్చి అదే సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాడు.

ఆ రాత్రి మేం చేసిన పనుల వరస రాస్తున్నాను, ఎందుకంటే వరసే ముఖ్యం. ముందు ఆయన చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం. డబ్బు చేతులు మారకముందే ఫిర్యాదు నమోదైతే బ్యాంకులు ఆపే అవకాశం ఉంటుంది, గంటలు కూడా లెక్కే. తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు. తర్వాత గ్రూపు మూసేసింది. ఆ తర్వాత నలభై చిల్లర ఇళ్లకూ ఆమె స్వయంగా ఫోన్ చేసింది. మెసేజ్ పెట్టకుండా ఫోనే ఎందుకంటే, ఆ రాత్రి ఆమె పేరుతో వచ్చే మెసేజ్‌ను ఎవరు నమ్మాలి? డబ్బులో కొంత బ్యాంకు దగ్గర ఆగింది, మిగతాది పోయింది.

మర్నాడు పొద్దున్న పెద్ద ప్రశ్న. ఊరందరికీ చెప్పాలా, వద్దా? ఆమె ఇంట్లోవాళ్లు వద్దన్నారు. "మళ్లీ ఫండ్ మోసం" అని పాకిపోతుందని భయం. ఆ భయం నాకూ ఉంది. కానీ 2013లో జనాన్ని ఎక్కువ కోతపెట్టింది నష్టం కన్నా మౌనం. ఏజెంట్లు ఇళ్లకు తాళాలేసుకుని మాయమయ్యారు. ఇప్పుడు ఈమె కూడా నోరు మూసుకుంటే ఆ వరసలోనే చేరుతుంది. చెప్పాలని నిర్ణయించాం.

ఆ వాయిస్ నలభై సెకన్లే. "నా ఫొటో పెట్టుకుని ఎవరో మనవాళ్లను మోసం చేశారు. ఒకరి డబ్బు పోయింది. నేను ఏనాడూ నా ఖాతాలోకి గానీ, ఏ మనిషి ఖాతాలోకి గానీ డబ్బు వేయమనను. షేర్ల టిప్స్ ఇవ్వను. అలా అడిగితే అది నేను కాదు. అనుమానమొస్తే ఇంటికి రండి." ఆమె గొంతు వణికింది, మళ్లీ రికార్డు చేద్దామంది. అలాగే ఉంచమన్నాను.

ఆ వాయిస్ ఆమెతో ఎప్పుడూ పని లేని ఇళ్లకు కూడా చేరింది. తర్వాత మూడు నెలల్లో తొమ్మిది కొత్త ఇళ్లు వచ్చాయి, అందులో ఒకటి 2013 కాగితం బీరువాలో దాచుకున్న ఆవిడ అక్కగారిది. అంతా ఆ వాయిస్ వల్లే అని నేను చెప్పలేను. అది పత్తి డబ్బు చేతికొచ్చే కాలం, ఏటా ఆ నెలల్లో పని కాస్త కదులుతుంది. కానీ ఆ తొమ్మిదిలో ఆరు ఇళ్లవాళ్లు మొదటి మాటగా అడిగింది ఒక్కటే, "డబ్బు ఎవరి ఖాతాలో పడుద్ది?" ఆ ప్రశ్న అడగడం వాళ్లు నేర్చుకున్నది ఆ నలభై సెకన్ల నుంచే.

ఇప్పుడు ఎలా ఉంది

గ్రూపు మళ్లీ పెట్టలేదు. ఫేస్‌బుక్ పేజీలో పేరు, ఏఆర్ఎన్ నంబరు, ఆఫీసు వేళలు, "మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్" అన్న మాట తప్ప ఏమీ లేదు. ఎవరైనా పేరు వెతికితే ఆంఫీ వెబ్‌సైట్‌లో ఉన్నదీ, ఇక్కడ ఉన్నదీ ఒకటే కావాలి, ఆ పేజీకి ఇంకో పని పెట్టదలుచుకోలేదు. 2025 అక్టోబరులో సెబీ తెచ్చిన "వ్యాలిడ్" యూపీఐ గుర్తు గురించి, అంటే నమోదిత సంస్థకు డబ్బు పంపేటప్పుడు తెర మీద కనిపించే ఆకుపచ్చ త్రికోణంలోని బొటనవేలు బొమ్మ గురించి రెండు వాయిస్‌లు చేసింది. రెండోది ఒరియాలో చెప్పింది, పక్కింటి ఒరియావాళ్లు అడిగారని.

మొన్న ఫోన్ చేసి యూట్యూబ్ చానల్ మొదలుపెట్టనా అన్నయ్యా అని అడిగింది. నేనింకా సరే అనలేదు. చానల్ పెడితే విశాఖలోవాళ్లూ, హైదరాబాదువాళ్లూ చూస్తారు, ఆమె గొంతు తెలియనివాళ్లు. వాళ్లకు ఏ మాటతో మొదలుపెట్టాలో నాకూ తోచడం లేదు. పైగా వీడియోలో మొహం ఉంటుంది, ఒకసారి ఆ మొహాన్నే దొంగిలించారు. వచ్చే నెల గుణుపురం పనిమీద వెళ్తున్నాను, దారిలో దిగి ఆ డెబ్బై ఏళ్ల ఆవిడను కూడా కలిసి అడుగుదామనుకుంటున్నాం, ఆమె మనవడి ఫోన్‌లో ఏం చూస్తుందో.